పాత బుల్లెట్ రూపం మార్చి, ఏళ్ల తరబడి నడిపాక

నా దగ్గరున్నది కుడికాలి గేర్ల బుల్లెట్ 350. పోత ఇనుప ఇంజన్, పాయింట్ల (తెరుచుకుని మూసుకుంటూ ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చు) ఇగ్నిషన్, నాలుగు గేర్లు, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు. కొన్నప్పుడు ఇంజన్, ఫ్రేము, ట్యాంకు అసలువే ఉన్నాయి. మిగతా సామాను చాలావరకు వేరే బళ్లది. దాన్ని మొత్తం విప్పించి, రూపం మార్పించి, అప్పటినుంచి ఎండలోనూ వానలోనూ నడుపుతున్నాను. ఫొటోలో బాగుండే మార్పులు వేరు, రోజూ నడిపినా నిలబడే మార్పులు వేరు. నేను రాస్తున్నది రెండోవాటి గురించి.

అన్ని భాగాలూ అసలువే ఉన్న పాత బండి దొరికితే దయచేసి దాని రూపం జోలికి వెళ్లకండి. బాగు చేయించుకుని అలాగే నడుపుకోండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బళ్లను వింటేజ్ వాహనాలుగా విడిగా రిజిస్టర్ చేస్తారు. నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి. ఛాసిస్‌లోనో ఇంజన్‌లోనో పెద్ద మార్పులు చేసిన బండికి ఆ అవకాశం పోతుంది. అలా రిజిస్టరైన బండిని మామూలు బండిలా రోజూ వాడుకోవడానికీ వీల్లేదు. కాబట్టి రూపం మార్చాలన్న కోరిక ఉన్నవాళ్లు ఇప్పటికే సగం సామాను పోగొట్టుకున్న బండిని వెతుక్కోవడం మంచిది. నేను ఈ బండిని ఎంచుకోవడానికి కారణం కూడా అదే. అసలు మడ్గార్డులు, అసలు సీటు, అసలు టూల్‌బాక్సులు ఎప్పుడో పోయాయి. ఇక పోవడానికి ఏమీ మిగల్లేదు.

కొనేటప్పుడు కాగితాలు చూసిన తర్వాతే బండిని చూడాలి. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదున్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. నంబరు దగ్గర గ్రైండింగ్ గీతలు కనిపిస్తే ఇంకేమీ మాట్లాడకుండా వెనక్కి వచ్చేయండి. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ రెన్యువల్ ఎప్పటివరకు ఉందో చూసుకోండి. 'తర్వాత చేయించుకోవచ్చులెండి' అనే మాటకు బేరంలో విలువ ఇవ్వకండి.

బండిని చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెళ్లగానే ఇంజన్ ఫిన్ల మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారేదాకా ఆగి, కిక్ మీరే కొట్టండి. ఈ బండికి కిక్ బలంతో కొట్టేది కాదు. కీ ఆన్ చేసి కిక్ పెడల్‌ను కాలితో నెమ్మదిగా దించుతుంటే హెడ్‌లైట్ పైనున్న ఆంపియర్ మీటర్ సూది డిశ్చార్జి వైపు వాలుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో మళ్లీ మధ్యకు వస్తుంది. అక్కడ ఆగి, డికంప్రెసర్ (సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలించే చిన్న లివర్) లాగి, పెడల్‌ను ఇంకొంచెం కిందకు జార్చి, డికంప్రెసర్ వదిలేయాలి. పెడల్‌ను పైకి రానిచ్చి, ఆపకుండా చివరిదాకా తొక్కాలి. సూది అసలు కదలకపోతే బ్యాటరీ, వైరింగ్, పాయింట్లలో ఎక్కడో సమస్య ఉంది. అన్నీ సరిగ్గా చేసినా పెడల్ ఎదురుతన్నుతుంటే ఇగ్నిషన్ టైమింగ్ తేడాగా ఉంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఈ ఒక్క పనితో బండి ఆరోగ్యం సగం తెలిసిపోతుంది.

చాలా రోజులు కదలకుండా ఉన్న బుల్లెట్ స్టార్ట్ కాగానే తెల్లనీలం పొగ వదిలితే వెంటనే భయపడనక్కర్లేదు. ఆయిల్ క్రాంక్‌కేసులోకి దిగి ఉంటుంది, కాసేపటికి సర్దుకుంటుంది. పది నిమిషాలు తిరిగొచ్చాక కూడా పొగ తగ్గకపోతే బోరు, రింగులు, వాల్వ్ గైడ్ల లెక్క వేసుకోవాల్సిందే. ఇంజన్ నడుస్తుండగా హెడ్డుకు ఆయిల్ తీసుకెళ్లే సన్న పైపు బోల్టును కొంచెం వదులు చేయిస్తే, ఆయిల్ పంపు పని చేస్తోందో లేదో అక్కడే కనిపిస్తుంది. ఆయిల్ చెమ్మ కూడా రాకపోతే ఆ ఇంజన్ని ఇంకొక్క నిమిషం కూడా నడపనివ్వకండి. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. పైకి రంగు నిగనిగలాడుతున్నా లోపల ఎర్రటి తుప్పు పొరలు ఉండొచ్చు. ఆ తుప్పే తర్వాత కార్బురేటర్ జెట్లలో చేరి దారిలో బండిని ఆపేస్తుంది.

ఇక రూపం సంగతి. 'ఫ్రేముకు రంపం పెట్టే ఆలోచనుంటే నా దగ్గరికి తేవద్దు బాబూ' అని మా మెకానిక్ పెద్దాయన మొదటి రోజే చెప్పారు. ఆయన మాటలో పూర్తి న్యాయం ఉంది. ఈ బండి ఫ్రేముకు కింద ఊయల లాంటి పైపులు ఉండవు. ముందు నుంచి దిగే ఒక్క పైపు ఇంజన్ ముందు ప్లేట్లకు బిగుసుకుంటుంది. అక్కడినుంచి ఇంజన్, గేర్‌బాక్స్ కూడా ఫ్రేములో భాగమై బరువు మోస్తాయి. ఒకచోట కోసి, ఇంకోచోట వెల్డింగ్ పెడితే ఆ లెక్కంతా మారుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అందుకే నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఏ మార్పయినా స్పానర్లతో విప్పేస్తే మళ్లీ పాత బండి బయటికి రావాలి. ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఈ బండి విషయంలో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఇదే అనిపిస్తుంది.

హ్యాండిల్ విషయంలో చాలామందికి క్లిప్ ఆన్‌ల (ఫోర్కు కాళ్లకే విడివిడిగా బిగించే పొట్టి హ్యాండిళ్లు) మీద మోజు. వాటితో ఒళ్లు ముందుకు వాలి, బరువంతా మణికట్ల మీద పడుతుంది. ఆ కూర్చునే తీరుకు ఫుట్‌రెస్టులు కూడా వెనక్కి జరగాలి. కుడివైపు గేరు, ఎడమవైపు బ్రేకు ఉన్న ఈ బండికి ఆ లింకులన్నీ కొత్తగా చేయించడం పెద్ద పని. నేను తక్కువ ఎత్తున్న తిన్నని హ్యాండిల్ వేయించి ఊరుకున్నాను. నడుము కొద్దిగానే వంగుతుంది, మెడ నొప్పి లేదు, గంటల తరబడి నడపగలను. అయితే హ్యాండిల్ కిందకు దిగితే పాత కేబుళ్లు పొడవైపోయి ట్యాంకు దగ్గర మెలిక పడతాయి. సరిపోయే పొడవులో కొత్తవి చేయించాల్సిందే. బిగించాక ఇంజన్ ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. ఏ వైపు తిప్పినా ఇంజన్ వేగం పెరిగితే ఆక్సిలేటర్ కేబుల్ లాగుతున్నట్టే. అలాంటి బండితో మలుపు తిరగడం ప్రాణం మీదికి వస్తుంది.

సీటు మాత్రం ఊహించినదానికంటే ఎంతో బాగా కుదిరింది. స్ప్రింగుల మీద కూర్చునే ఒంటి సీటు, దాని వెనక నాలుగు బోల్టులతో వచ్చిపోయే చిన్న పిలియన్ సీటు. వెనక షాకబ్సార్బర్లు మింగలేని గుంతల్ని సీటు స్ప్రింగులు మింగేస్తాయి. తోలు బదులు మంచి రెక్సిన్ వాడాం. కుట్లలోంచి నీళ్లు ఫోమ్‌లోకి దిగితే రోజుల తరబడి ఆరదు కాబట్టి కుట్ల వెనక జిగురు పట్టీ వేయించాం. ఇన్ని వర్షాకాలాలు గడిచినా ఫోమ్ పొడిగానే ఉంది.

మడ్గార్డులను కురచగా కోయించడం ఇప్పటి ఫ్యాషన్. ఎండాకాలంలో చూడ్డానికి బాగుంటుంది. వానలో వెనక చక్రం బురదంతా వీపు మీదే పోస్తుంది, ముందు చక్రం విసిరే నీళ్లు నేరుగా ఇంజన్ మీదికి వస్తాయి. ముందు మడ్గార్డు కమ్మీలు రెండు ఫోర్కు కాళ్లను కలిపి పట్టుకుని కూడా ఉంటాయి. అందుకే నేను రేకు మడ్గార్డులనే, వెడల్పు కొద్దిగా తగ్గించి, పొడవు అలాగే ఉంచి చేయించాను. బండి రూపానికి ఏ లోటూ రాలేదు.

సైలెన్సర్ గురించి ఎక్కువ చెప్పను. లోపల జాలీ ఉన్న షార్ట్ బాటిల్ వేయించాను. చప్పుడు గంభీరంగా ఉంటుంది, చెవులు చిల్లులు పడవు. జాలీ పీకేయించుకుని వీధంతా దద్దరిల్లేలా తిరగడం నాకు నచ్చదు, నేరం కూడా. సైలెన్సర్ మారిస్తే కార్బురేటర్‌ను తప్పకుండా సరిచూసుకోవాలి. పొగ తేలిగ్గా బయటికి పోతే పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గు విప్పి చూస్తే కొన తెల్లగా ఉంటుంది. అలాగే నడిపితే ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచాక నా బండి ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటోంది.

రంగు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పెట్టేది ఇక్కడే, ఇబ్బందులు మొదలయ్యేదీ ఇక్కడే. ఫ్రేముకు పౌడర్ కోటింగ్ చేయించాం. గట్టిగా ఉంటుంది, పెట్రోలు పడినా చెక్కుచెదరదు. కానీ కోటింగ్‌కు పంపేముందు ఛాసిస్ నంబరు ఉన్న చోటును, హ్యాండిల్ తిరిగే హెడ్డు బేరింగులు కూర్చునే చోట్లను, మరలున్న రంధ్రాలను మూసి పంపాలి. మందపాటి పొర కింద నంబరు కప్పబడిపోతే ఆర్‌టీఓ ఆఫీసులో పెన్సిల్ ప్రింట్ తీయలేరు, రెన్యువల్ ఆగిపోతుంది. ఇంకొకటి, ఫ్రేము మొత్తానికీ కోటింగ్ పడితే కరెంటుకు ఎర్త్ అందదు. లైట్లు మసకబారుతాయి, హారన్ గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. బ్యాటరీ ఎర్త్ వైరును ఫ్రేముకూ ఇంజన్‌కూ రెండింటికీ కలిపి, బోల్టు కింద పొర గీకించి బిగించాలి. ఎక్కడైనా రాయి తగిలి పెచ్చు లేస్తే ఆలస్యం చేయొద్దు. నీళ్లు పొర కిందకు దూరితే తుప్పు పైకి కనపడకుండా పాకుతుంది. ట్యాంకు రంగు పాతదానికి దగ్గరగానే ఉంచాం. పూర్తిగా మార్చేవాళ్లు ఆ మార్పును ఆర్‌సీలో రాయించుకోవాలి. ట్యాంకు మీది బంగారు గీతలు మాత్రం చేత్తోనే వేయించాను. కంపెనీలోనూ వాటిని చేత్తోనే గీసేవారు. స్టిక్కర్ గీత చివరిదాకా ఒకే మందంతో ఉంటుంది. చేతి గీత మలుపు దగ్గర కొద్దిగా సన్నబడి మళ్లీ నిండుకుంటుంది. బండి తుడిచిన ప్రతిసారీ నా చూపు ఆ మలుపు దగ్గరే ఆగుతుంది.

వైరింగ్ పైకి కనిపించదు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. నన్నడిగితే రంగుకంటే ముందు దానికే డబ్బు పెట్టాలి. పాత వైర్లకు అతుకులు వేయకుండా మొత్తం కొత్తది వేయించాను. ఫ్యూజు పెట్టించి, హెడ్‌లైటుకు రిలే కలిపించాను. వెనక లైటు, ఇండికేటర్లు ఎల్ఈడీ. ఇవి లాగే కరెంటు తక్కువ కాబట్టి పాత ఫ్లాషర్‌తో సరిగ్గా మిణుకుమనవు, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కావాలి. హెడ్‌లైటుకు మాత్రం హాలోజన్ బల్బే ఉంచాను. ఈ పాత హెడ్‌లైటు గిన్నెలో ఎల్ఈడీ పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

నడక విషయానికొస్తే రూపం మారినా బండి స్వభావం మారదు, మారాలని నేనూ కోరుకోలేదు. 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరుకు 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 18 గుర్రాల సత్తువ. గంటకు 60, 70 మధ్య నాలుగో గేరులో నిదానంగా అడుగులేస్తూ పోతుంటే అంతకు మించిన సుఖం నాకు ఇంకే బండి మీదా దొరకలేదు. 80 దాటితే అద్దాల్లో ఏమీ కనిపించదు, అరికాళ్లు జివ్వుమంటాయి. కొత్త బళ్లలా పరుగెత్తాలనుకునేవాళ్లు దీన్ని కొనొద్దు. ఎడమకాలి గేరుకు అలవాటుపడ్డవాళ్లు మొదట్లో జనంలోకి తీసుకెళ్లకుండా, బ్రేకు కాలు, గేరు కాలు అలవాటయ్యేదాకా ఖాళీ రోడ్డు మీద సాధన చేయాలి. గేరు పక్కనున్న న్యూట్రల్ ఫైండర్‌ను (బండిని నేరుగా న్యూట్రల్‌లోకి తెచ్చే చిన్న లివర్) మడమతో నొక్కడం అలవాటైతే సిగ్నళ్ల దగ్గర టెన్షన్ ఉండదు.

సేవ తప్పదు. పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ట్యాపెట్లు (వాల్వుల సందు) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వాల్వులను కదిపే పుష్‌రాడ్డు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు. వైబ్రేషన్‌కు బోల్టులు వదులవుతాయి కాబట్టి ఇంజన్ ముందు ప్లేట్ల మీద ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచాలి. చవకగా దొరికిన క్లచ్ కేబుల్, కండెన్సర్ రెండూ నన్ను దారిలో నిలబెట్టాయి. అప్పటినుంచి ఆ రెండింటిలోనూ నాణ్యమైనవే కొంటున్నాను, ఒక జత సీటు కిందే ఉంచుతున్నాను.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు పైపులనూ వాషర్లనూ పాడు చేస్తుంది. పెట్రోలు పైపు, కార్బురేటర్ వాషర్లు, ట్యాంకు కాక్‌లోని రబ్బరు అన్నీ దానికి తట్టుకునే రకానికి మార్పించాను. కొన్నాళ్లు బండి తీయనని తెలిస్తే కాక్ కట్టేసి, కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు వంచేస్తాను.

బ్రేకుల గురించి అందరూ అడుగుతారు. ముందు డిస్కు వేయాలంటే హబ్బు, ఫోర్కు రెండూ మార్చాలి, అది నా నియమానికి విరుద్ధం. డ్రమ్ములను లేత్ మీద గుండ్రం చేయించి, షూలు డ్రమ్ముకు పూర్తిగా ఆనేలా అరగదీయించి, కొత్త కేబుల్ వేయిస్తే 60, 70 వేగానికి ఆ బ్రేకులు సరిపోతాయి. తడిసినప్పుడు మాత్రం పట్టు తగ్గుతుంది. నీళ్లలోంచి బయటపడగానే కాసేపు బ్రేకు మెల్లగా నొక్కి ఉంచి, షూలు ఆరాక వేగం పెంచుతాను.