జిప్సీకి పాత డిఫరెన్షియల్ కొంటున్నారా? డబ్బు ఇచ్చే ముందు పళ్లు లెక్కపెట్టండి

మారుతి జిప్సీ తయారీ ఆగిపోయి ఏళ్లయింది. ముందు డిఫరెన్షియల్ (షాఫ్టు నుంచి ముందు రెండు చక్రాలకు శక్తిని పంచే పళ్లచక్రాల పెట్టె) పోతే చాలామంది విప్పిన బండ్ల సరుకు మీదే ఆధారపడుతున్నారు. అక్కడే ఒక మోసం పదే పదే జరుగుతోంది. పైకి ఒకేలా కనిపించి, బోల్టులు సరిగ్గా కూర్చునే డిఫరెన్షియల్‌ను "సేమ్ టు సేమ్" అని అంటగడుతున్నారు. లోపల రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క, వేరు.

జిప్సీకి మూలమైన సుజుకీ ఎస్‌జె కుటుంబంలోనే రెండు రేషియోలున్నాయి. క్రౌన్ అంటే డిఫరెన్షియల్ లోపలి పెద్ద పళ్లచక్రం, పినియన్ అంటే దాన్ని తిప్పే చిన్నది. ఎస్‌జె410లో క్రౌన్‌కు 37 పళ్లు, పినియన్‌కు 9, అంటే 4.11. ఎస్‌జె413లో 41కి 11, అంటే 3.73. బయట నుంచి చూసి తేడా చెప్పడం అనుభవమున్న మెకానిక్‌కు కూడా కష్టమే.

ఈ బండిలో సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) ఉండదు. 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే స్థానం) వేయగానే ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు (డిఫరెన్షియల్‌లను తిప్పే పొడవాటి కడ్డీలు) ఒకే వేగంతో తిరగాల్సిందే. ముందు 4.11, వెనక 3.73 పడితే వెనక చక్రాలు 100 మీటర్లు దొర్లేసరికి ముందువి 91 మీటర్లే దొర్లుతాయి. మిగతా 9 మీటర్లు టైర్లు నేలను రాసుకుంటూ జారాలి. బురదలో ఎలాగో జారతాయి, గట్టి నేల మీద జారలేవు. ఆ బిగువంతా ఇంజిన్ శక్తిని ముందుకూ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద, షాఫ్టుల జాయింట్ క్రాస్‌ల మీద పడుతుంది. లివర్ 4హెచ్‌లో ఇరుక్కుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది. పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అసలు చిక్కు ఏమిటంటే, ముందు డిఫరెన్షియల్ తప్పుదైతే 2హెచ్‌లో (వెనక చక్రాలు మాత్రమే లాగేటప్పుడు) ఏమీ తెలియదు. ఊళ్లో నెలల తరబడి హాయిగా తిరుగుతుంది. షాపువాడిచ్చిన వారం రోజుల టెస్టింగ్ వారంటీ ఎప్పుడో అయిపోతుంది. తీసుకెళ్లి అడిగితే "ఫోర్ బై ఫోర్ అంటే తారు రోడ్డు మీద పట్టేస్తుంది సార్" అంటాడు. అందులో సగమే నిజం. రేషియోలు కలిసిన బండి కూడా ఎండిన రోడ్డు మీద మలుపుల్లో పట్టేస్తుంది. కానీ తిన్నగా పోతున్నప్పుడు కూడా గట్టిగా పట్టేస్తే, నాలుగు టైర్లూ ఒకే సైజులో ఉంటే, అనుమానం రేషియో మీదికే పోవాలి.

షాపులో చూడాల్సినది ఇదీ. క్రౌన్ అంచు మీద పళ్ల సంఖ్య కొట్టి ఉందేమో వెతకండి. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే గీకించండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. అంకె దొరికినా తిప్పి చూడాలి. క్రౌన్ మీద, పినియన్ ఫ్లాంజ్ (షాఫ్టు బిగించే పళ్లెం) మీద సుద్దతో గీత పెట్టి క్రౌన్‌ను సరిగ్గా ఒక చుట్టు తిప్పండి. ఫ్లాంజ్ నాలుగు చుట్లు దాటి ఇంకో తొమ్మిదో వంతు తిరిగితే 37-9. నాలుగో చుట్టు పూర్తవడానికి పావు చుట్టుకు కాస్త ఎక్కువే మిగిలితే 41-11. హౌసింగ్‌తో సహా మొత్తం యాక్సిల్ కొంటుంటే ఒక పక్క కదలకుండా పట్టుకుని రెండో పక్క రెండు చుట్లు తిప్పండి, లోపల క్రౌన్ ఒక చుట్టు తిరిగినట్టు.

క్రౌన్, పినియన్ జత నంబర్లు కలవాలి. ఒక బండి క్రౌన్‌కు ఇంకో బండి పినియన్ జోడిస్తే ఎంత షిమ్ (సందు సర్దే పల్చటి రేకు) వేసినా ఊళ పోదు. హాఫ్ యాక్సిల్ స్ప్లైన్లు (చక్రానికి పోయే కడ్డీ చివర ఉండే నిలువు గాడులు) కూడా మీ పాతదానితో లెక్కపెట్టి పోల్చండి.

బిగించాక, బాకీ తీర్చేముందు ఈ పరీక్ష చేయించండి. 2హెచ్, గేరు న్యూట్రల్, ఫ్రీ వీల్ హబ్‌లు (ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే, విడదీసే మూతలు) ఉంటే లాక్. రెండు ప్రొపెల్లర్ షాఫ్టుల మీదా సుద్ద గీతలు పెట్టి, చదును నేల మీద బండిని తిన్నగా 10 మీటర్లు తోయండి. స్టీరింగ్, బ్రేకు దగ్గర ఒకరు ఉండాలి. కింద ఎవరూ దూరకండి, రెండు పక్కలా ఫోన్‌తో వీడియో తీస్తే చాలు. రెండు షాఫ్టులూ సమానంగా తిరగాలి. పై రెండు రేషియోల్లో ఒకటి ముందు, ఇంకోటి వెనక పడి ఉంటే ఆ దూరంలోనే ఒకటిన్నర చుట్టుకు పైగా తేడా వస్తుంది.

మార్చింది వెనకదైతే ఇంకో గుర్తు ఉంది. స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వస్తుంది కాబట్టి 3.73 స్థానంలో 4.11 పడితే ఫోన్ జీపీఎస్‌లో 50 ఉన్నప్పుడు మీటరు 55 చూపిస్తుంది.

బిల్లులో "డిఫరెన్షియల్ ఒకటి" అని రాస్తే ఒప్పుకోవద్దు. పళ్ల సంఖ్య, జత నంబరు, రేషియో తేడా వస్తే వాపసు అన్న మాట రాయించండి.

ఇప్పటికే తప్పుది బిగించేసి ఉంటే హబ్‌లు ఫ్రీలో పెట్టి 2హెచ్‌లోనే నడపండి. లివర్ 4హెచ్‌లో ఇరుక్కుంటే సుత్తితో కొట్టకండి. కొద్ది మీటర్లు వెనక్కి తీసి చూడండి. అప్పటికీ రాకపోతే వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపండి. బిగువు వదిలి లివర్ దానంతటదే వస్తుంది.