పారిస్‌లో సమ్మె పడితే: గ్రూపు టూరు మేలా, సొంతంగా వెళ్లడం మేలా?

బెజవాడలో వేసవి టూర్ల బుకింగులు మొదలయ్యాయంటే, రాఘవయ్య పార్కులో వాకింగుకి వచ్చేవాళ్లు నన్ను ఆపి అడిగేది ఒకటే. "యూరప్ వెళ్దామనుకుంటున్నామండీ. పారిస్‌లో ఎప్పుడూ ఏదో ఒక సమ్మె అంటున్నారు. గ్రూపులో పోతే నయమా, మనంతట మనం పోవచ్చా?"

భయం ఊరికే పుట్టింది కాదు. 2024 ఫిబ్రవరిలో సిబ్బంది సమ్మెతో ఐఫెల్ టవర్ ఆరు రోజులు మూతపడింది. 2025 జూన్ 16న లూవ్ర్ మ్యూజియం సిబ్బంది, ఈ జనాన్ని తట్టుకోలేమంటూ ఉన్నట్టుండి పని ఆపేశారు. టికెట్లు ముందే కొన్నవాళ్లు కూడా లోపలికి దారి అయిన గాజు పిరమిడ్ ముందు గంటల తరబడి నిలబడాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 19న నగల దొంగతనం జరిగి మళ్లీ మూశారు.

గ్రూపులో ఉన్న సుఖం గ్రూపులో ఉంది. మెట్రో ఆగిపోయినా మన బస్సు మనకుంటుంది. ఫోన్లు చేసుకునే తలనొప్పి టూర్ మేనేజర్‌ది. రాత్రికి వేడివేడి అన్నం, పప్పు ఎక్కడ దొరుకుతాయా అని వెతుక్కోనక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకి ఇది చిన్న విషయమేం కాదు.

కానీ నా లెక్కలో అసలు చూడాల్సింది ఒకటే: ఆ ఊళ్లో మీకు 'రేపు' ఉందా? గ్రూపు టూర్లలో పారిస్‌కి దక్కేది చాలావరకు ఒకటిన్నర, రెండు రోజులు. మర్నాడు పొద్దున్నే పెట్టెలు బస్సులో పడతాయి, స్విట్జర్లాండ్ దారి పడతారు. ఈరోజు మూసిన టవర్ ఎల్లుండి తెరిచినా మీకు ఒరిగేదేం లేదు. మా అక్కయ్యా బావగారూ వెళ్లినప్పుడు ఇదే జరిగింది. టవర్ మూసి ఉందని నదికి అవతలి ఒడ్డున, టవర్ ఎదురుగా కనిపించే ట్రొకాడెరో దగ్గర బస్సు ఆపి, "ఇరవై నిమిషాల్లో అందరూ వచ్చేయాలి" అని మైకులో చెప్పారట. అందులో సగం సేపు బావగారు బాత్‌రూమ్ వెతుక్కోవడానికే సరిపోయింది! ఫొటోల్లో మాత్రం ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

ఇందులో టూర్ మేనేజర్‌ని అనడానికీ లేదు. యూరప్‌లో బస్సు డ్రైవర్ రోజుకి 9 గంటలకి మించి నడపకూడదు. వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల దాకా పోవచ్చు. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపి తీరాలి. కాబట్టి సమ్మెవాళ్ల ఊరేగింపులో ఇరుక్కుని పోయిన టైము సాయంత్రం స్పీడు పెంచితే తిరిగి రాదు. ఏదో ఒక చోటు కోసేయాల్సిందే.

సొంతంగా వెళ్లి నాలుగు రోజులుంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. సోమవారం కుదరనిది బుధవారం చూస్తారు. మెట్రో సమ్మె కూడా చెప్పకుండా వచ్చిపడదు. అక్కడి చట్టం ప్రకారం ఏ రైళ్లు నడుస్తాయో ముందురోజే చెప్పాలి. పైగా 1, 4, 14 నంబరు లైన్లలో డ్రైవర్లే ఉండరు, అన్నీ ఆటోమేటిక్. మిగతావి ఆగిన రోజుల్లో కూడా ఇవి మామూలుగా తిరుగుతుంటాయి. 1వ లైన్ లూవ్ర్ కిందుగా, విజయ తోరణం (ఆర్క్ ద ట్రయంఫ్) కిందుగా పోతుంది. 4వ లైన్‌లో సితే స్టేషన్‌లో దిగితే నోటర్‌డామ్ చర్చి పక్కనే. 2019 అగ్నిప్రమాదం తర్వాత 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు, లోపలికి వెళ్లడానికి టికెట్ కొనక్కర్లేదు. విజయ తోరణం దగ్గర దిగి ట్రొకాడెరోకి నడిచినా అరగంట పట్టదు. హోటల్ ఈ మూడు లైన్లలో ఒకదాని దగ్గర తీసుకుంటే సమ్మె మీకు పెద్దగా తగలదు.

ప్రైవేటు కారు, గైడు ఆరేడుగురున్న కుటుంబానికి పర్లేదు, మిగతావాళ్లకి ఖర్చెక్కువ. ఎక్కి దిగే టూరిస్టు బస్సులు మామూలు రోజుల్లో బాగానే ఉంటాయి. ఊరేగింపు రోజున అవీ ట్రాఫిక్‌లోనే.

ఫోన్‌లో మ్యాప్ చూసి తిరగగలిగినవాళ్లకి నేను సొంతంగా వెళ్లమనే చెప్తాను. పెద్దవాళ్లతో అయితే గ్రూపే, కాకపోతే రెండు పనులు చేయండి. ఒకటి, ఐటినరరీలో టవర్ పక్కన 'ఎంట్రీ' అని ఉందా, 'ఫొటో స్టాప్' అని ఉందా చూడండి. ఎంట్రీ అని ఉంటే, మూసిన రోజున డబ్బు వెనక్కిస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి. రెండోది, 'డీవియేషన్' అడగండి. అంటే గ్రూపు తిరిగొచ్చాక మీరు అక్కడే రెండ్రోజులు ఆగి, అదే ఎయిర్‌లైన్స్‌లో తర్వాత రావడం. టూరు పారిస్‌లో ముగిసేదైతేనే ఇది పనికొస్తుంది. దీనికి కొంత అదనంగా తీసుకుంటారు, సీట్లుంటేనే ఇస్తారు. బుకింగ్ రోజే చెప్పాలి, ఎందుకంటే వీసా తేదీలూ, వీసాకి 30,000 యూరోలకి తగ్గకుండా ఉండాల్సిన ట్రావెల్ ఇన్సూరెన్సూ ఆ రెండ్రోజుల్ని కూడా కలుపుకోవాలి. ఆ రెండ్రోజులూ సోమ, మంగళవారాలు కాకుండా చూసుకోండి. సోమవారం వెర్సాయ్ ప్యాలెస్‌కి సెలవు, మంగళవారం లూవ్ర్‌కి.