బాపు గారి గోదావరా, వంశీ గారి కాలువ గట్టా?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి పాయ వశిష్ఠను దాటి నరసాపురం వెళుతుండగా, సినిమా దర్శకులు బాపు, వంశీల గురించి మోటారు సైకిళ్ళ మధ్య ఇరుక్కుని నిలబడిన ఇద్దరు పెద్దమనుషుల వాదన నా చెవిన పడింది. "గోదారిని సినిమాలో చూపించాలంటే బాపు గారి తరవాతేనండీ ఎవరైనా" అని ఒకాయన అన్నారు. "ఆయన గోదారిని చూపించారండి, కాదన్లేదు. మనూరిని చూపించింది మాత్రం వంశీయేనండి, ఆయ్" అని రెండో ఆయన తేల్చేశారు. మేము దిగుతున్నది బాపు గారు పుట్టిన ఊళ్ళోనే కాబట్టి మొదటి ఆయనకు స్థానబలం ఉంది. అయినా నాకు రెండో ఆయన మాటే సబబుగా తోచింది. ఎందుకు తోచిందో చెప్పుకోవాలంటే ముందు నది దగ్గర మొదలుపెట్టాలి.

ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన గోదావరి ఒక్కటే. జనం అఖండ గోదావరి అంటారు. దిగువన అది గౌతమిగా, వశిష్ఠగా చీలిపోతుంది. 1852 నాటికి కాటన్ దొర ఆ ఆనకట్ట పూర్తి చేశాక, డెల్టాలో మనిషి బతుకు నదితో కంటే కాలువతోనే ఎక్కువగా ముడిపడింది. మాకు నీళ్ళంటే ఇంటి ముందు కాలువ, బట్టలుతికే రేవు, వేసవిలో కాలువ కట్టేసినప్పుడు బయటపడే బురద. బాపు గారు 1973లో తీసిన 'అందాల రాముడు'లో పడవ భద్రాచలం దాకా ఎగువకు సాగుతుంది. 2006లో శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి' కూడా ఆ దారినే పట్టింది. రెండూ చూడముచ్చటైన సినిమాలే. కానీ ఆ దారిలోని పాపికొండలు మాకూ టిక్కెట్టు కొనుక్కుని చూసి వచ్చే చోటే తప్ప మేము కాపురముండే చోటు కాదు. శేఖర్ గారి సినిమాలో నది పట్నం మనసుకు సేద తీర్చే నది. అంతకు మించి దాన్ని ఈ తూకంలోకి లాగడం అన్యాయం.

బాపు గారు డెల్టాను చూపించనే లేదంటే అదీ అబద్ధమవుతుంది. ఆయన మొదటి చిత్రం 'సాక్షి' 1967లో వచ్చింది. ఆత్రేయపురం దగ్గరి పులిదిండిలో తీశారు, అందులో కథానాయకుడు బల్లకట్టు నడుపుకునే మనిషి. రంగులు లేని ఆ సినిమాలో రేవు రేవులాగే ఉంటుంది. ఆ తరువాతి చిత్రాల్లో ఆయనలోని చిత్రకారుడు దర్శకుణ్ణి మించిపోయాడేమోనని నా అనుమానం. ప్రతి షాటునూ ముందే బొమ్మగా గీసుకునే అలవాటున్న మనిషి కావడం వల్ల, ఆయన ఫ్రేములో కొబ్బరాకు కూడా ఎక్కడ వంగాలో అక్కడే వంగుతుంది. చూసిన కంటికి హాయిగా ఉంటుంది కానీ, మా పెరట్లో కొబ్బరాకు అలా చెప్పినట్టు వినదు.

అయితే పాత్రల దగ్గరికి వచ్చేసరికి తక్కెడ బాపు గారి వైపు మొగ్గుతుంది. 1975 నాటి 'ముత్యాల ముగ్గు'లోని కాంట్రాక్టరుకు సాటి వచ్చే విలన్ తెలుగులో నాకు కనబడలేదు. ముళ్ళపూడి వెంకటరమణ గారు ధవళేశ్వరంలో పుట్టారు, రావు గోపాలరావు గారిది కాకినాడ ప్రాంతం. ఆ మాట రాసిన చేతికీ పలికిన నోటికీ ఈ నేల యాస ఎక్కడా అరువు తెచ్చుకోవలసిన పని లేకపోయింది. సూర్యోదయాన్ని చూసి ఆకాశంలో హత్య జరిగినట్టుందని మురిసిపోయే ఆ మనిషి గొంతు ఎత్తడు, కళ్ళెర్ర చేయడు; తీరుబడిగా, మర్యాదగా, ఎదుటివాడికి చెమట పట్టేలా మాట్లాడతాడు. మా వైపు పెద్ద మనుషుల్లో కొందరు బెదిరించే పద్ధతి సరిగ్గా అదే. "కాఫీ తాగి వెళ్ళండి" అన్న మాటలోనే చెప్పవలసిందంతా చెప్పేస్తారు. కళాపోషణను ఆ కాంట్రాక్టరు పలికే తీరు, 'కలాపోసన' అనే మాట, ఆ సినిమాలోంచి దిగి వచ్చి మా అరుగుల మీద కూర్చుండిపోయింది. పొద్దున్నే గులాబీ మొక్కకు అంటు కడుతున్నవాణ్ణి చూసినా ఎవరో ఒకరు ఆ మాట అనకుండా ముందుకు పోరు.

వంశీ గారి దగ్గర ఇలాంటి మహా విలన్ లేడు. ఆయనకు ఆ అవసరమూ లేదు, ఎందుకంటే ఆయన ఊళ్ళో అందరూ కాస్తో కూస్తో దొంగలే. 1986లో వచ్చిన 'లేడీస్ టైలర్'లోని సుందరం పనిమంతుడే అయినా బద్ధకస్తుడు. బట్టల సత్తి ఒట్టి ఆశపోతు. ఇద్దరూ కలిసి చేసే ప్రతి ఘనకార్యం వెనుక నాలుగు డబ్బులో, కాస్త సుఖమో తప్ప మరేమీ ఉండదు. కుట్టు మిషను మీద సగం కుట్టిన జాకెట్టు, రేపు రమ్మని మూడోసారి చెప్పించుకుని కూడా తిట్టకుండా వెళ్ళిపోయే ఆడవాళ్ళు, ఏ పనీ లేకపోయినా కొట్టు ముందు బల్ల మీద కూర్చునే మనిషి: ఇవి మా ఊరి సంతవీధిలో ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ తరువాత వచ్చిన 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్' మరో అడుగు ముందుకు వేసింది. తీర్థాల్లో తెల్లవార్లూ సినిమా పాటల రికార్డులకు వేదిక మీద ఆడే రికార్డింగ్ డాన్సులు చూసి, మర్నాడు ఏమీ ఎరగనట్టు తిరిగే పెద్దమనుషులున్న ప్రాంతంలో, వేదిక వెనుక రంగు పూసుకునే వాళ్ళకు కూడా ఆకలీ అలకా ఉంటాయని చూపించాలంటే దగ్గరగా చూసిన కన్ను కావాలి. ఈ రెండు చిత్రాలకూ మాటలు రాసిన తనికెళ్ళ భరణి గారికి అందులో సగం వాటా ఇవ్వాలి.

ఆడవాళ్ళ విషయంలో మాత్రం ఇద్దరి మీదా నాకు ఫిర్యాదు ఉంది. ఉత్తర రామాయణాన్ని ఇంటి కథగా మార్చిన 'ముత్యాల ముగ్గు'లో భార్య ఓర్పును ఎంత అందంగా చిత్రించినా, నింద మోసినదాని చేతే ఓర్పు కూడా మోయించడం నాకు మింగుడు పడదు. తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం వెతికే సుందరం కథ అంతకంటే ఇబ్బంది. అర్చన గారు వేసిన టీచరమ్మ పాత్రే లేకపోతే ఆ సినిమాను ఇవాళ కుటుంబంతో కూర్చుని చూడలేం.

పాటల సంగతి క్లుప్తంగా చెబుతాను. బాపు గారి పాట కదిలే బొమ్మల పుస్తకం. వంశీ గారి పాట ఇళయరాజా దరువుకు తగ్గట్టు ముక్కలు ముక్కలుగా కోసిన ఊరు. 'సితార'లో వెన్నెల గోదావరి పాటకు ఎస్. జానకి గారికి జాతీయ పురస్కారం వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. ఆ ఒక్క విషయంలో నదిని కూడా వంశీ గారే గెలుచుకున్నారనిపిస్తుంది.

వచ్చే సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా కొత్త అల్లుడుగారు వస్తున్నారు. మా ప్రాంతం ఎలాంటిదో తెలియజేయడానికి ఒక్క సినిమా వేయవలసి వస్తే ఏది వేస్తానన్న ప్రశ్నకు, అత్తగారి ముందు పుట్టుమచ్చ కథ నడవదు గనుక, రికార్డింగ్ డాన్స్ ట్రూపే నా జవాబు. 'ముత్యాల ముగ్గు' వేయవలసిన పని లేదు. భోగి మంట దగ్గర తూర్పు ఎర్రబడగానే, ఆకాశంలో జరిగిన ఆ హత్య గురించి మా బాబాయి ఎలాగూ ఎత్తుకుంటాడు.