ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపి దించాలా, విడదీసి దించాలా: ఏది మేలు?

చేత్తో గేర్లు మార్చే కారులో ఇంజన్ దించాల్సి వచ్చినప్పుడు మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. గేర్‌బాక్స్‌ను ఇంజన్‌తో కలిపి బయటికి తీయాలా, లేక దాన్ని బండిలోనే ఉంచి ఇంజన్‌ను మాత్రం తీయాలా? నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్క షెడ్లలో నేను అడిగిన మెకానిక్‌లలో చాలామంది విడదీయడమే సులువన్నారు. దించేవరకైతే ఆ మాట నిజమే. కానీ ఈ పనిలో నష్టం జరిగేది దించేటప్పుడు కాదు, తిరిగి ఎక్కించేటప్పుడు. అందుకే నేను బిగింపును బట్టే తూస్తాను.

ఇంజన్, గేర్‌బాక్స్ కలిసేచోట ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. ఇంజన్ చివర తిరిగే బరువైన చక్రమైన ఫ్లైవీల్‌కూ, దానికి బిగించిన ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు నొక్కుకుని ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ ఆ ప్లేటు మధ్యనున్న పళ్లలోకి దూరాలి, చాలా బండ్లలో షాఫ్ట్ కొస, ఇంజన్‌లో తిరిగే ప్రధాన కడ్డీ అయిన క్రాంక్‌షాఫ్ట్ చివరనున్న పైలట్ బేరింగులో కూర్చోవాలి. ప్లేటు కొద్దిగా పక్కకు జరిగినా, చైన్ కప్పికి వేలాడుతున్న ఇంజన్ వాలు గేర్‌బాక్స్ వాలుతో కలవకపోయినా, చివరి వేలెడు సందు మూసుకోదు.

కావలి దగ్గర ఒక షెడ్డులో పాత బొలెరోకు ఇలాగే జరిగింది. సందు మిగిలి ఉండగానే బోల్టులు వేసి స్పానరుతో లాగారు. రెండో బోల్టు దగ్గర టక్కుమని శబ్దం వచ్చి, క్లచ్‌ను కప్పి ఉంచే అల్యూమినియం డొప్ప, అంటే బెల్ హౌసింగ్, బోల్టు చెవి పగిలింది. బండి యజమానిగా పక్కనే నిలబడి ఉన్నా, ఆపమనడానికి నాకప్పుడు తెలివి చాలలేదు. బోల్టులు ఉన్నది కలిసిన ముఖాలను బిగించడానికే, దూరంగా ఉన్నవాటిని దగ్గరకు లాగడానికి కాదని నాకు ఆరోజే బోధపడింది.

మారుతి 800, స్విఫ్ట్ వంటి ముందు చక్రాలు లాగే కార్లలో ఇంజన్ అడ్డంగా కూర్చుని, గేర్‌బాక్స్ దాని పక్కనే ఉంటుంది. ఇంజన్‌ను షాఫ్ట్ మీదనుంచి పక్కకు జరపడానికి దానికీ చాసిస్‌కూ మధ్య చాలినంత చోటుండదు కాబట్టి, వీటిలో రెండింటినీ కలిపి తీయడమే మేలని నిస్సందేహంగా చెబుతాను. గేరాయిల్ వంచాలి, ముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు లాగాలి, వాటి సీళ్లు కొత్తవి వేయాలి, గేర్ రాడ్డో కేబుళ్లో విప్పాలి, పని పెరుగుతుంది. అయితే ఆ తర్వాత రెండూ నేలమీద, వెలుతురులో, కళ్లెదుట కలుస్తాయి. క్రాంక్ వెనుక సీలు కారుతోందా, క్లచ్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును నొక్కే రిలీజ్ బేరింగ్ అరుస్తోందా, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలున్నాయా అన్నది వేలు పెట్టి చూసుకోవచ్చు. అంతా విప్పాక పాత క్లచ్ ప్లేటునే మళ్లీ వేయడం నా దృష్టిలో తప్పు.

2523 సీసీ డీజిల్ బొలెరో వంటి వెనుక చక్రాలు లాగే బండ్ల విషయం వేరు. ఇంజన్ వెనుక పొడవాటి గేర్‌బాక్స్ ఉంటుంది కనుక కలిపి తీస్తే మొత్తాన్ని ముందువైపు బాగా పైకెత్తి, ఏటవాలుగా లాగాలి. వెనుక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ తీసిన గేర్‌బాక్స్ రంధ్రానికి బిరడా పెట్టకపోతే ఆయిలంతా నేలపాలవుతుంది. రేకుల షెడ్డులో దూలానికి కట్టిన కప్పికి అంత ఎత్తు దొరకదు. ఇక్కడ విడదీయడమే సబబు, కానీ పద్ధతి తప్పకూడదు.

గేర్‌బాక్స్ కింద చెక్కముక్క పెట్టి జాకీ ఆనించాలి. దాని బరువు క్షణమైనా షాఫ్ట్ మీద వేలాడితే క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగిపోవచ్చు. తలలు కోసిన రెండు పొడవాటి బోల్టులను దారి చూపడానికి బిగించి, ఇంజన్‌ను వాటిమీద జరపాలి. పళ్లు కలవకపోతే బండిని గేరులో ఉంచి, క్రాంక్ పుల్లీని స్పానరుతో కొద్దికొద్దిగా తిప్పాలి. ముఖాలు పూర్తిగా ఆనేదాకా బోల్టులను చేతివేళ్లతో తప్ప ముట్టకూడదు.

బండిని పైకెత్తే లిఫ్టు ఉన్నచోట, ఇంజన్‌ను కింద మోసే అడ్డదూలం (క్రాస్‌మెంబరు)తో సహా కిందికి దించే మూడో దారీ ఉంది. మన చిన్న షెడ్లకు అది అందేది కాదు.

నెల్లూరు తీరంలోని అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్లమీద తిరిగే బండ్లకు ఇంకో లెక్క కలపాలి. ఉప్పుగాలికి డ్రైవ్ షాఫ్టు నట్లు, సైలెన్సరు బోల్టులు తుప్పుపట్టి పట్టేస్తాయి. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచకపోతే, కలిపి తీసే పనికి అదనంగా ఒక పూట పోతుంది. ఏ పద్ధతైనా ఏసీ కంప్రెసరును గొట్టాలు విప్పకుండా పక్కకు కట్టేస్తే గ్యాసు పోదు.

కలిపి తీయడంలో నేను నిజంగా భయపడే ప్రమాదం ఒక్కటే. అన్నీ బిగించిన ఆనందంలో వంచేసిన గేరాయిల్ పోయడం మరిచిపోవడం. అందుకే ఆయిల్ వంచిన నిమిషంలోనే అట్టముక్క మీద “గేరాయిల్ లేదు” అని రాయించి స్టీరింగుకు కట్టిస్తాను. గేర్‌బాక్స్ పక్కనున్న లెవెల్ రంధ్రం నుంచి కొత్త ఆయిల్ పొర్లడం కళ్లతో చూశాకే ఆ అట్టను విప్పనిస్తాను.