ఆప్టిప్లెక్స్ 7010కు ర్యామ్ పెంచాక: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

2012లో విడుదలైన డెల్ ఆప్టిప్లెక్స్ 7010 డెస్క్‌టాప్ కంప్యూటర్ ఇప్పటికీ మన ఊళ్లలోని ఇంటర్నెట్ సెంటర్లలోనూ, డీటీపీ షాపుల్లోనూ కనిపిస్తూనే ఉంటుంది. కంపెనీలు కొత్తవి కొనుక్కుని వదిలించుకున్న ఈ కంప్యూటర్లు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు పెద్ద సంఖ్యలో రావడమే అందుకు కారణం. నా దగ్గర ఉన్నది మినీ టవర్. అందులో కోర్ ఐ5-3470 ప్రాసెసర్, మామూలు హార్డ్ డిస్క్, రెండేసి జీబీల ర్యామ్ (పని నడిచేటప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ) స్టిక్కులు రెండు ఉండేవి. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, పేజీలను సరిదిద్ది, ఓసీఆర్ ద్వారా అక్షరాల్లోకి మార్చుకునే పనికి దీనిని వాడుతున్నాను కనుక ఈ అభిప్రాయాలు ఆ పనికే ఎక్కువగా వర్తిస్తాయి.

స్కానింగ్ పనిలో మెమరీ ఎంత తొందరగా నిండిపోతుందో లెక్క వేసి చూస్తే తప్ప తెలియదు. ఏ4 పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) రంగుల్లో స్కాన్ చేస్తే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు వస్తాయి. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున అది దాదాపు 26 ఎంబీ. అదే పేజీ 600 డీపీఐలో అయితే 104 ఎంబీ దాటుతుంది. డిస్క్‌లో జేపెగ్ ఫైలు ఎంత చిన్నదిగా ఉన్నా, తెరిచిన తర్వాత అది ర్యామ్‌లో ఈ పూర్తి పరిమాణాన్నే ఆక్రమిస్తుంది. బొమ్మలను సరిదిద్దే గింప్ ప్రోగ్రాములో లేయర్లు, అన్‌డూ కోసం దాచుకునే ప్రతులు దానికి అదనం. బ్రౌజర్‌ను కూడా తెరిచి ఉంచి ఇలాంటి పేజీలు పది ముందేసుకుంటే 4 జీబీ ఏ మూలకూ చాలదు. అప్పుడు విండోస్ ర్యామ్‌లో పట్టనిదాన్ని హార్డ్ డిస్క్‌లోని పేజ్‌ఫైల్‌లోకి తోసి, కావలసినప్పుడల్లా మళ్లీ తెచ్చుకుంటుంది. డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూ, మౌస్ బాణం కూడా ఆగి ఆగి కదలడానికి కారణం ఇదే.

అయితే నెమ్మదించిన ప్రతి కంప్యూటర్‌కూ ర్యామ్ మందు కాదు. పని నడుస్తున్నప్పుడే విండోస్‌లో మెమరీ, డిస్క్, ప్రాసెసర్ వాడకాన్ని చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూడాలి. మెమరీ నిండిపోయి, డిస్క్ నూరు శాతం దగ్గర నిలిచి, ప్రాసెసర్ మాత్రం ఖాళీగా ఉంటే ర్యామ్ పెంచడం వల్ల మేలు కలుగుతుంది. మెమరీ సగం ఖాళీగా ఉండి ప్రాసెసర్ నూరు శాతంలో ఉంటే ఆ ఖర్చు దండగ. దీనికంటే ముందు చూడవలసినది మరొకటి ఉంది. పాత ఆఫీసు కంప్యూటర్లలో చాలావాటిలో 32-బిట్ విండోస్ ఉంటుంది, అది ఎంత ర్యామ్ వేసినా 4 జీబీకి లోపలే ఆగిపోతుంది. నేను 64-బిట్ విండోస్‌ను కొత్తగా ఎక్కించాకే మిగతా పని మొదలుపెట్టాను. కానీ 64-బిట్ విండోస్‌లో 16-బిట్ ప్రోగ్రాములు నడవవు కనుక, మరీ పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడినవారు ముందుగా ఆ సంగతి తేల్చుకోవాలి.

ఈ మోడల్‌కు కావలసినది 240 పిన్నుల డీడీఆర్3 డెస్క్‌టాప్ ర్యామ్. లేబుల్ మీద పీసీ3-12800 అని ఉంటే 1600 వేగం గలది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగినప్పుడు మిగతావాటికంటే బాగా చవకగా 8 జీబీ స్టిక్కులు చూపించారు. వాటిలో కొన్ని ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికివచ్చేవి, ఇంటెల్ బోర్డులో పెడితే కంప్యూటర్ ఆన్ కాదు. నా ఐ5-3470 లాంటి మూడో తరం కోర్ ప్రాసెసర్లకు 8 జీబీ స్టిక్ కొనేటప్పుడు రెండు వైపులా ఎనిమిదేసి చిప్పులు ఉన్నదే తీసుకోవడం క్షేమం. నేను నాలుగేసి జీబీలవి ఒక జత తీసుకుని, పాత జతను తీయకుండానే ఒకే రంగు స్లాట్లలో ఒకే పరిమాణం ఉండేలా అమర్చి, మొత్తం 12 జీబీ చేశాను. కొత్త జత వేగం 1333 కావడంతో నాలుగూ ఆ వేగానికే దిగాయి గానీ, పనిలో ఆ తేడా ఎన్నడూ తెలియలేదు. అమర్చడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కరెంటు తీగ తీసేసి, స్టిక్ అంచులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, రెండు చివరల క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కితే చాలు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ పరిమాణం మారిందన్న హెచ్చరిక రావడం సహజం.

ఫలితం మొదటి రోజే కనిపించింది. పుస్తకం పేజీలన్నీ వరుసగా తెరిచి ఉంచి, వెనుక టెసరాక్ట్ ఓసీఆర్ నడుస్తుండగానే ముందు గింప్‌లో మరకలు తుడుచుకోవడం అంతకుముందు ఊహకు అందని పని. అయితే టెసరాక్ట్ ఒక్కో పేజీకి తీసుకునే సమయం మాత్రం క్షణం కూడా తగ్గలేదు, ఎందుకంటే అది ప్రాసెసర్ చేసే పని. కంప్యూటర్ ఆన్ కావడానికి పట్టే సమయమూ మారలేదు. ఆ తర్వాత హార్డ్ డిస్క్ స్థానంలో తిరిగే భాగాలు లేని, వేగమైన ఎస్ఎస్‌డీ పెట్టాకే అది తగ్గింది. ఏదో ఒకదానికే డబ్బు ఉంటే, 4 జీబీ మీద నెట్టుకొస్తున్నవారు ముందు ర్యామ్‌ను, 8 జీబీ ఉన్నవారు ముందు ఎస్ఎస్‌డీని ఎంచుకోవాలని నా సలహా.

తరువాత పాత రెండేసి జీబీల జతను కూడా మార్చి 16 జీబీ చేశాను. నిజం చెప్పాలంటే 12కూ 16కూ తేడా నాకు కనిపించలేదు. పైగా కొత్తగా వేసిన జతలో ఒక స్టిక్ సెకండ్‌హ్యాండ్‌ది కావడంతో కొన్నాళ్లకు కంప్యూటర్ కారణం లేకుండా బిగుసుకుపోవడం మొదలైంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామును రాత్రంతా నడిపితే తెరమీద ఎర్ర గీతలు వచ్చాయి. ఒక్కో స్టిక్‌నే ఉంచి పరీక్షించి చెడ్డదాన్ని పట్టుకున్నాను, దుకాణదారు మారు మాట లేకుండా మార్చి ఇచ్చారు. సెకండ్‌హ్యాండ్ ర్యామ్ కొనేవారు వారంటీ గడువు లోపలే ఈ పరీక్ష చేయించుకోవాలి. ర్యామ్ పెరిగితే హైబర్నేషన్ ఫైలు (కంప్యూటర్‌ను ఆపేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్‌లో దాచే ఫైలు) కూడా పెరుగుతుంది. విండోస్ 10లో అది సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం, అంటే 16 జీబీకి ఆరు జీబీకి పైమాటే. 120 జీబీ ఎస్ఎస్‌డీలో అది తక్కువేమీ కాదు కనుక దానిని ఆపేశాను.

ర్యామ్ ఎంత పెంచినా తీరని చిక్కు ఒక్కటే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మూడో తరం ప్రాసెసర్ విండోస్ 11 అర్హత జాబితాలో లేదు. గింప్, టెసరాక్ట్ రెండూ విండోస్‌కు బదులు వాడదగిన ఉచిత లైనక్స్‌లోనూ ఉన్నాయి కనుక నేను లైనక్స్ మింట్‌కు మారి, అదే 16 జీబీతో పని సాగిస్తున్నాను. తెలుగు డీటీపీకి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్‌తో పేజీలు కట్టేవారికి మాత్రం ఈ దారి అంత సులువు కాదు. అలాంటివారు ఇప్పుడు ఈ మోడల్‌కు ర్యామ్ కొనడం కంటే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ చూసుకోవడమే మంచిది.