జక్కూరులో మా పాత సెస్నాకు కాటా: తూకం భేష్, లెక్క తప్పు

గుంటూరు మిర్చి యార్డులో మా నాన్నకు కమిషన్ దుకాణం ఉండేది. కాటా మీద టిక్కీ (మిర్చి బస్తా) పెట్టగానే ఎవరి మోకాలు ఎక్కడ ఆనిందో చూడటం నాకు చిన్నప్పుడే అలవాటైంది. అందుకే బెంగళూరు జక్కూరు ఏరోడ్రోములో విమానాన్ని తూచే వాళ్లు మా హ్యాంగరుకు వచ్చిన రోజు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను.

మాది 1966 నాటి సెస్నా 150, ఇద్దరు కూర్చునే చిన్న విమానం. ముగ్గురం కలిసి కొన్నాం. కాగితాల ప్రకారం దాని ఖాళీ బరువు 1,060 పౌన్లు, అంటే 481 కిలోలు. ఆ అంకె కాటా మీద పుట్టింది కాదు. రేడియో మార్చినప్పుడల్లా పాత అంకెలో కొంత కలిపి, కొంత తీసేసి ఎవరో రాసుకుంటూ వచ్చింది. ఎగరడానికి అనుమతించిన గరిష్ఠ బరువు 1,600 పౌన్లు, 726 కిలోలు. ఖాళీ బరువు పోగా మిగిలిందే మనుషులకూ పెట్రోలుకూ. జక్కూరు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో నూరు గుర్రాల ఇంజను పదోవంతు శక్తి ముందే పోగొట్టుకుంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నమైతే ఇక చెప్పనక్కర లేదు.

ఎనిమిదికి రావలసిన వాళ్లు పదకొండుకు వచ్చారు. పెట్రోలు దించుకోవడానికి డబ్బాలు మేమే తెచ్చుకోవాలని ముందు చెప్పలేదు. పక్క హ్యాంగరులో అడిగి తెచ్చుకున్నాం.

పని మొదలయ్యాక మాత్రం వంక పెట్టలేదు. రెక్కల మీద గాలి ఆడితే తూకం తప్పుతుందని ముందు తలుపులు మూయించారు. వాడుకోగల ఇంధనమంతా దించి, దించినా పనికిరాని 13 లీటర్లు అలాగే ఉంచారు. మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టారు. స్పిరిట్ లెవెల్‌లో బుడగ మధ్యకు వచ్చేదాకా ముక్కు చక్రంలో గాలి తగ్గించారు. ఇంజను వెనక ఉండే ఫైర్‌వాల్ అనే అడ్డుగోడ నుంచి చక్రాల దూరం కొలవడానికి దారానికి గుండు కట్టి వేలాడదీసి నేల మీద సుద్దతో గీతలు గీశారు. బరువు ఒక్కటీ తెలిస్తే చాలదు, గరిమనాభి, అంటే బరువంతా తూగే బిందువు, ఎక్కడ పడుతుందో కూడా తేలాలి.

వాళ్లలో పెద్దాయనది అనంతపురం. సామాన్ల అర తెరిచి విమానాన్ని లాగే కడ్డీ చూపించి, “ఇది పరికరాల జాబితాలో ఉందా సార్?” అన్నాడు. ఉంది. ఆ పక్కనే ఉన్న రెండు ఆయిలు డబ్బాలు, తాళ్లు, ఎవరిదో రెంచి జాబితాలో లేవు. అన్నీ బయట పెట్టించాడు. డ్యాష్‌బోర్డు మీద ఆంజనేయస్వామి బొమ్మను తాకలేదు. “ఆయన బరువు మనకెందుకు సార్” అన్నాడు.

కాటా 1,096 పౌన్లు చూపించింది. విమానాన్ని కిందికి దించి మళ్లీ ఎక్కించి తూచమన్నాను. విసుక్కోకుండా తూచారు. రెండు పౌన్ల తేడా వచ్చింది, ఎక్కువనే రాసుకున్నారు.

అంటే 497 కిలోలు. పెరిగిన 16 కిలోలలో ఐదు నిజానికి లెక్క మారడం వల్ల వచ్చినవే. 1970ల నడుమ దాకా ఇంజనులోంచి దించగలిగే ఆయిలును ఖాళీ బరువులో చేర్చేవారు కాదు, ఇప్పుడు చేరుస్తారు. మిగతా పదకొండుకు జవాబుదారులం మేమే. పాత రంగు గీకకుండా దాని మీదే కొత్త రంగు వేయించాం. ఏడీఎఫ్ అనే పాత దిశ చూపే రేడియో పెట్టె తీసేసి దాని తీగలు వదిలేశాం. సీట్లలో నురుగు మార్పించినప్పుడు మెత్తదనం చూశాం గానీ బరువు అడగలేదు.

నేను 84 కిలోలు, మా బావమరిది 90, సంచీ నాలుగు. పాత కాగితం లెక్కన ట్యాంకులు నింపుకుని, అంటే వాడుకోగల 85 లీటర్లతో, 61 కిలోలతో, విడిగా కలిపే ఆయిలు ఐదు కిలోలు పోను ఒక్క కిలో మిగులు చూసుకుని ఎగిరేవాళ్లం. నిజానికి పది కిలోలు ఎక్కువ మోస్తున్నామన్న మాట. ఇప్పుడు మా ఇద్దరికీ 70 లీటర్లే. గంటకు 22 లీటర్ల చొప్పున మూడు గంటలకు పైగా వస్తుంది, అందులో ముప్పావుగంట నేను ముట్టుకోను.

ఇక ఫిర్యాదు. వారం తర్వాత వచ్చిన నివేదికలో 1,096 కింద ఆయిలు 11 పౌన్లు మళ్లీ కలిపి 1,107 అని వేశారు. తూచేటప్పుడు ఆయిలు నిండుగా ఉందని అదే కాగితంలో పై వరుసలో వాళ్లే రాశారు! కింద ఇంజనీరు సంతకం కూడా ఉంది. మూడుసార్లు ఫోను చేస్తే తొమ్మిది రోజులకు సరిచేసి పంపారు. కాటా దగ్గర అంత శ్రద్ధ చూపినవాళ్లు కూడిక దగ్గర ఇలా జారిపోతారని అనుకోలేదు.

మొత్తం 18,000 రూపాయలు, తలా ఆరువేలు. తూకానికి అయిదుకు అయిదు, కాగితానికి రెండు. పిలిపిస్తే డబ్బాలు సిద్ధంగా పెట్టుకోండి, నివేదికలో ఆయిలు వరుస ముందు చదవండి.

హ్యాంగరు తలుపు పక్కన ఇప్పుడు ఇంట్లో వాడే కాటా ఒకటి పెట్టాం. మా బావమరిది మొదటిసారి ఎక్కి, “బావా, చెప్పులు విప్పి మళ్లీ ఎక్కుతాను” అన్నాడు. చెప్పులతోనే రాసుకున్నాను.