బోరు నీళ్ల ఇంటికి డిష్‌వాషర్

అనంతపురంలో డిష్‌వాషర్ కొనదలచినవారు దుకాణానికి వెళ్లేముందు తమ ఇంటి నీళ్లను పరీక్ష చేయించుకోవాలి. నేను జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను కాబట్టి నాకు ఆ పని సులువైంది. మా బోరు నీళ్లు ఒక సీసాలో, పీఏబీఆర్ (పెన్న అహోబిలం జలాశయం) నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్లు మరో సీసాలో పట్టుకెళ్లి, ప్రయోగశాలలో ఈడీటీఏ అనే రసాయనంతో టైట్రేషన్ చేసి కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో కొలిచాను. రంగు నీలంగా మారేదాకా ఈడీటీఏ ఎంత పడితే కాఠిన్యం అంత ఎక్కువ. కార్పొరేషన్ నీళ్ల ఫ్లాస్కులో ద్రాక్షరసం రంగు కొద్దిసేపటికే నీలంగా మారింది. బోరు నీళ్లకు మాత్రం బ్యూరెట్ లోంచి చుక్క తర్వాత చుక్క వదులుతూనే ఉన్నాను, ఆ ఎరుపు ఎంతకీ పోదు. లెక్క కడితే కాఠిన్యం లీటరుకు 640 మిల్లీగ్రాములు తేలింది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మా బోరు ఆ గీత కూడా దాటేసింది. ఇంట్లో సామాను కడిగేది ఆ నీళ్లతోనే.

ఇలాంటి నీరు వేడెక్కగానే అందులోని కాల్షియం బైకార్బనేట్ విడిపోయి తెల్లటి పొరగా అంటుకుంటుంది. గీజరు కడ్డీ మీద పేరుకునే సున్నం అదే. డిష్‌వాషర్‌లోనైతే గాజు గ్లాసులు మసకబారతాయి, నీళ్లు చిమ్మే రెక్కల రంధ్రాలు పూడుకుపోతాయి. దానికి విరుగుడుగా యంత్రం అడుగున సాఫ్ట్‌నర్ ఉంటుంది. అందులోని రెజిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. అవి నిండిపోయాక ఉప్పునీటితో కడిగితే మళ్లీ పనికి వస్తాయి. ఐఎఫ్‌బీ, బాష్ రెండూ ఈ ఏర్పాటుతో వచ్చే యంత్రాలను అమ్ముతున్నాయి. అది ఎంత కాఠిన్యం దాకా తట్టుకుంటుందో కొనేవారే అడిగి తెలుసుకోవాలి.

సుభాష్ రోడ్డు వైపు ఒక దుకాణంలో అమ్మే అబ్బాయి, “మూడు గుణాలూ కలిసిన ట్యాబ్లెట్ వేస్తే చాలు మేడం, ఉప్పు అక్కర్లేదు” అన్నాడు. మెత్తని నీళ్లున్న ఊళ్లకు ఆ మాట సరిపోతుంది, మనకు సరిపోదు. సూచనల పుస్తకం తెప్పించుకుని అక్కడే చదివాను. కాఠిన్యాన్ని జర్మన్ డిగ్రీల్లో ఇచ్చారు. ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాములు, కాబట్టి మా నీళ్లు 36 డిగ్రీలు. నేను చూసిన బాష్ యంత్రంలో సాఫ్ట్‌నర్ ఆఖరి మెట్టు ‘హెచ్07’ 31 నుంచి 50 డిగ్రీల వరకు పనిచేస్తుంది. అక్కడితో సగం నిర్ణయం అయిపోయింది.

మిగతా సగం సంగటి తపేలా మీద ఆధారపడింది. పెట్టె మీద ‘13 ప్లేస్ సెట్టింగులు’ అని రాస్తారు. అది పదమూడు మంది భోజనానికి వాడే విదేశీ పింగాణీ పళ్లేలు, సాసర్లు, చెంచాలతో వేసిన లెక్క. అంచు లేచిన స్టీలు కంచాలు, గుండ్రటి గిన్నెలు ఆ లెక్కకు అందవు. అందుకే మా తపేలాను, రెండు కంచాలను సంచిలో వేసుకుని వెళ్లి దుకాణంలోనే అమర్చి చూశాను. పై అరను ఒక మెట్టు ఎత్తితే తపేలా కింద బోర్లా పట్టింది, రెక్క దానికి తగలకుండా తిరిగింది. కంచాలు మాత్రం ఒక గాడి వదిలి ఒక గాడిలో పెట్టాలి. ఆరుగురున్న మా ఇంట్లో రాత్రి సామాను ఒక విడతలో పడుతుంది, మధ్యాహ్నం వంట గిన్నెలు కూడా కలిస్తే పట్టదు.

ఆ యంత్రాన్నే కొన్నాను, దాని పని విషయంలో నాకు పూర్తి తృప్తి. 70 డిగ్రీల కడాయి ప్రోగ్రాంలో అడుగంటిన సంగటి పొర సైతం ఊడి వస్తుంది, తపేలాలో ముందుగా కాసిని నీళ్లు పోసి నానబెడితే చాలు. కంచాలను ముందే కడిగి పెట్టనక్కర్లేదు, మెతుకులు దులిపితే సరి. డిటర్జెంటులోని ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొడతాయి. చెనక్కాయల పచ్చడి జిడ్డు, పోపు నూనె జాడ కూడా మిగలవు. వేళ్ల కీళ్ల నొప్పులతో బాధపడే మా అత్తగారు చలికాలంలో చన్నీళ్లలో చేయి పెట్టనక్కర్లేదు, నాకు అన్నిటికంటే విలువైనది అదే. ఎకో ప్రోగ్రాంలో ఒక విడతకు సుమారు 10 లీటర్ల నీళ్లే పడతాయి, కానీ మూడు గంటలకు పైగా నడుస్తుంది.

ఏ కంపెనీ డిష్‌వాషర్‌లోనూ పెట్టకూడనివి ఉన్నాయి. అల్యూమినియం నల్లబడుతుంది, ఇనుప దోసె పెనం తుప్పు పడుతుంది, చెక్క సంగటి తెడ్డు పగులుతుంది. ఉప్పు గదిలో వంటింటి ఉప్పు, కల్లుప్పు పోయకూడదు, వాటిలోని మలినాలు సాఫ్ట్‌నర్‌ను పాడుచేస్తాయి. డిష్‌వాషర్ ఉప్పే కొనాలి. మా కాఠిన్యానికి అది తొందరగానే అయిపోతుంది, నెల ఖర్చులో దాన్నీ కలుపుకోవాలి. గీజరుకు పెట్టినట్టు 16 ఆంపియర్ల ప్లగ్ పాయింటు కావాలి. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లకు ఒత్తిడి 0.5 బార్ ఉండాలంటే, ట్యాంకు కుళాయికి కనీసం అయిదు మీటర్ల ఎత్తున ఉండాలి. ఒక అంతస్తు ఇళ్లవారు ఇది కొలిచి చూసుకోవాలి.

మన ఊళ్లో వంటింటి నీళ్లను అరటి చెట్టుకో కొబ్బరి చెట్టుకో మళ్లించడం అలవాటు. ఈ యంత్రం వదిలే నీళ్లలో ఉప్పు, సోడా రెండూ ఉంటాయి, అవి మట్టిని చౌడు చేస్తాయి. బిగించడానికి వచ్చిన మనిషి చేత దాని గొట్టాన్ని నేరుగా మురుగు కాలువకు కలిపించాను.